రోటి దగ్గరి ఓపిక

అమెరికాలోని లాంగ్ బీచ్‌లో కంబోడియా కుటుంబాలు నడిపే హోటళ్లకు వెళ్తే ముందుగా మెచ్చుకోవాల్సింది వంటింట్లోని ఓపికను. ఆ వంటకు ప్రాణం క్రోయంగ్ అనే పచ్చి మసాలా ముద్ద. నిమ్మగడ్డి కాడల్ని సన్నగా తరిగి, దుంపరాష్ట్రం, పచ్చి పసుపు కొమ్ము, వెల్లుల్లి చేర్చి, పీచు తెలియనంత మెత్తగా రోట్లో నూరాలి. ఆ ముద్దను కొబ్బరిపాలలో కలిపి, చేపముక్కలు వేసి, అరటాకు దొన్నెలో ఆవిరిపై ఉడికిస్తే అమోక్. జున్నులా నిలుస్తుంది, చెంచా తగిలితే విడిపోతుంది.

1975-79 మధ్య కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలన ఇంటి పొయ్యిలను ఆర్పించి, జనాన్ని సామూహిక భోజనశాలల్లో పలచటి గంజికి నిలబెట్టింది. అంతటి ఆకలిని దాటి వచ్చినవాళ్లు ఈ రుచిని కాపాడుకుని, పిల్లలకు నేర్పి, పరాయి గడ్డపై పదిమందికీ వడ్డిస్తున్నారు. ఆ చేతులకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.