ముప్పావలా వడ్డీకి మన పెన్షన్

నెలాఖరు వచ్చిందంటే సికింద్రాబాద్‌లో రైల్ నిలయం నుంచి లాలాగూడ వర్క్‌షాప్ దాకా ఎక్కడో ఒకచోట దండలు, శాలువాలు, గ్రూప్ ఫొటోలు కనిపిస్తాయి. ఆ సందడికి కొన్ని నెలల ముందే, రిటైరయ్యే ఉద్యోగి సెటిల్మెంట్ కాగితాల్లో ఒక చిన్న గడి నింపాల్సి ఉంటుంది. పెన్షన్‌లో ఎంత భాగం కమ్యూట్ చేయమంటారు, అంటే నెలనెలా ఎంత వదులుకుని బదులుగా ఒకేసారి సొమ్ము తీసుకుంటారు అన్నది అక్కడి ప్రశ్న. చాలామంది ఆలోచించకుండా 40 శాతం అని రాసేస్తారు. ముందు రిటైరైనవాళ్లు అదే రాశారు, వచ్చే డబ్బు ఎందుకు వదులుకోవాలి అన్నది వాళ్ల ధీమా. నిజానికి 40 శాతం అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే. పది శాతం రాయొచ్చు, అసలు వద్దనీ అనొచ్చు. కమ్యుటేషన్ సొమ్ము గ్రాట్యుటీలా సర్వీసుకు దక్కిన ప్రతిఫలం కాదు. అది మన పెన్షన్ మీద మనమే తీసుకునే అప్పు. అప్పు అనుకుని చూస్తే ఆ గడిలో వేసే అంకె మారుతుందని నా నమ్మకం. 2004 జనవరి 1కి ముందు ఉద్యోగంలో చేరి పాత పెన్షన్‌లో ఉన్నవారు ఇంకా ఏళ్ల తరబడి రిటైరవుతూనే ఉంటారు కాబట్టి ఇది కాలం చెల్లిన చర్చ కూడా కాదు.

ఆఖరి బేసిక్ 80 వేలు ఉన్న ఉద్యోగికి 40 వేల పెన్షన్ వస్తుంది. అందులో 40 శాతం, అంటే 16 వేలు కమ్యూట్ చేస్తే, 60 ఏళ్లకు రిటైరయ్యేవారికి వర్తించే 8.194 గుణకం ప్రకారం చేతికి 15,73,248 రూపాయలు వస్తాయి. బదులుగా నెలనెలా 16 వేలు కోత పడుతుంది, 15 ఏళ్లపాటు. మొత్తం కోత 28,80,000. వడ్డీ లెక్క కడితే ఏడాదికి సుమారు 9 శాతం, మన వాడుకలో ముప్పావలా వడ్డీ. ఇప్పుడు ఆ సొమ్మంతా తీసుకెళ్లి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశారనుకుందాం. ప్రస్తుత వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 32 వేల చిల్లర వస్తుంది, నెలకు పదివేల ఏడు వందల యాభై. వదులుకున్నది 16 వేలు. అసలు మిగిలే ఉంటుంది కదా అంటారు. సరే, కోత పడిన 16 వేలనూ అందులోంచే నెలనెలా తీసుకుంటూ పోతే, ఇదే వడ్డీ ఆఖరుదాకా దొరికినా, పదమూడున్నరేళ్లకే ఆ ఖాతా ఖాళీ. కోత మాత్రం ఇంకా ఏడాదిన్నర సాగుతుంది. ముప్పావలాకు తెచ్చి అంతకంటే తక్కువకు ఇవ్వడం వ్యాపారం తెలిసినవాళ్లెవరూ చేయరు.

పన్ను సంగతేమిటని అడిగేవారున్నారు. ప్రభుత్వోద్యోగికి కమ్యుటేషన్ సొమ్ము మీద పన్ను లేదు, నెలనెలా వచ్చే పెన్షన్ మీద ఉంది. ఒకప్పుడు ఈ వాదనకు బలం ఉండేది. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను కట్టే పని లేనప్పుడు, కరువు భృతి (డీఆర్) కలిపినా అంత దాటని పెన్షనర్‌కు దానివల్ల మిగిలేదేమీ లేదు. ధరలు పెరిగే కొద్దీ ఆ 16 వేల కోత తేలికవుతుంది, డీఆర్ ఎలాగూ పూర్తి పెన్షన్ మీదే ఇస్తారు అనేది మరో మాట. రెండూ నిజమే. అయితే కమ్యూట్ చేయనివారికీ డీఆర్ అంతే వస్తుంది. కోతను తేలిక చేసే ధరలే డిపాజిట్‌లో పెట్టిన పదిహేను లక్షలనూ కరిగిస్తాయి. మ్యూచువల్ ఫండ్‌లో 12 శాతం వస్తుందనే ఆశ కూడా ఈమధ్య బాగా వినిపిస్తోంది. రావచ్చు. కానీ మొదటి రెండేళ్లలోనే మార్కెట్ పడిపోతే కోత ఆగదు, జీతమూ ఉండదు. అరవయ్యో ఏట అప్పు చేసి షేర్లు కొనమని నేనెవరికీ చెప్పలేను.

తోసేయడానికి వీల్లేని వాదన ఒకటుంది, అది చావుకు సంబంధించింది. కమ్యూట్ చేసిన మనిషి ఐదేళ్లకే పోతే మిగిలిన పదేళ్ల కోత రద్దవుతుంది. భార్యకో భర్తకో వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లో పైసా తగ్గదు. ఇలా మాఫీ అయ్యే అప్పు బయట దొరకాలంటే బీమా ప్రీమియం విడిగా కట్టాల్సిందే. అందుకే గుండెజబ్బు, కిడ్నీ జబ్బు లాంటివి ఉన్నవారు 40 శాతం రాస్తే తప్పుపట్టను. పైగా రిటైరైన ఏడాదిలోపు అడిగితే వైద్య పరీక్ష కూడా ఉండదు. అలాగే పిల్ల పెళ్లికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీ నెత్తిమీద ఉంటే, ముప్పావలా అప్పుతో దాన్ని ఆరోజే తీర్చేయాలి, అందులో రెండో మాట లేదు. కానీ బాకీ మూడు లక్షలైతే మూడు లక్షలకు సరిపడా శాతమే రాయాలి. మిగతా పన్నెండు లక్షలు ఊరవతల వెంచర్‌లో ప్లాటుకో, బావమరిది వ్యాపారానికో పోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఒకసారి కమ్యూట్ చేశాక వద్దనుకుని వెనక్కి ఇచ్చే వీలు లేదు. నెలనెలా వచ్చే పెన్షన్‌కు ఉన్న పెద్ద రక్షణ, ఎవరూ వచ్చి దాన్ని ఒకేసారి అప్పడగలేకపోవడమే. మల్కాజిగిరిలోనో మెట్టుగూడలోనో అద్దె ఇంట్లో, మందుల ఖర్చుతో గడిపే దంపతులకు అరవై నుంచి డెబ్బయి అయిదు మధ్య నెలకు 16 వేలు అంటే అద్దె, మందులు రెండూ.

ఈ 15 ఏళ్ల గడువైనా ఊరికే రాలేదు. కామన్ కాజ్ సంస్థ తరఫున హెచ్.డి. శౌరి సుప్రీంకోర్టుకు వెళ్లాక, 1986 తీర్పుతో కోత పడిన భాగం పదిహేనేళ్లకు తిరిగి వచ్చే ఏర్పాటు స్థిరపడింది. అంతకుముందు కోత జీవితాంతం సాగేది. ఇప్పుడు ఉద్యోగ సంఘాలు దాన్ని 12 ఏళ్లకు తగ్గించమంటున్నాయి. ఆ కోరిక న్యాయమైనదే. అది నెరవేరితే ఈ అప్పు మీద పడే వడ్డీ ఏడు శాతం లోపుకు దిగుతుంది. పోస్టాఫీసులో 8.2 శాతం దొరుకుతున్నంతకాలం 40 శాతం రాయమని అప్పుడు నేనే చెబుతాను.