పాఠ విభజన: పంక్తుల లెక్కా, అర్థపు హద్దా?

యూనిక్స్ షెల్‌లో పాఠ్య ఫైలును ముక్కలు చేయడానికి మనం మొదట నేర్చుకునే ఆదేశం స్ప్లిట్. ఏ సూచనా ఇవ్వకపోతే అది 1000 పంక్తులకు ఒక ఫైలు చొప్పున విడగొడుతుంది. సంఖ్య ఇస్తే ఆ సంఖ్య ప్రకారం కోస్తుంది. లావాదేవీల జాబితాకు ఇది చాలు. సాహిత్య పాఠానికి ఇది ఎంతవరకు నమ్మదగినది? ఈ భాగంలో పరిశీలిద్దాం.

మన ప్రాంతపు పాఠాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఎడ్లపాడు మండలంలోని కొండవీడు ఒకప్పుడు రెడ్డిరాజుల రాజధాని. అక్కడ పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడి పేరు మీద నిలిచిన కావ్యం పల్నాటి వీరచరిత్ర. ఇది మంజరీ ద్విపద. దీన్ని మీరు పంక్తికి ఒక పాదం చొప్పున టైపు చేశారనుకోండి. ద్విపద అంటే రెండు పాదాలు కదా, స్ప్లిట్‌కు రెండు అని చెబితే సరిపోతుందనిపిస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. మధ్యలో ఒక పాదం జారిపోయినా, ఒక పుట సంఖ్య పంక్తిగా చేరినా, అక్కడి నుంచి చివరిదాకా ప్రతి ముక్కలోనూ ఒక ద్విపద రెండో పాదం, తరువాతి ద్విపద మొదటి పాదం జతపడతాయి. ఆదేశం మాత్రం ఏ దోషమూ చూపదు. దాని లెక్క ప్రకారం అంతా సరిగానే ఉంది.

సాధారణ ద్విపదలో ఈ తప్పు దొరికిపోతుంది. రెండు పాదాలకూ ప్రాస కుదరాలి కాబట్టి, జత తప్పిన చోట రెండో అక్షరమే సాక్ష్యం చెబుతుంది. మంజరిలో ప్రాస నియమం లేదు. యతి ఉన్నా అది పాదం లోపలి సంగతి. ఏ పాదానికి ఏ పాదం జతో అది చెప్పదు. అంటే లెక్క మీద ఆధారపడే పద్ధతి అత్యంత ప్రమాదకరమయ్యేది సరిగ్గా ఈ కావ్యంలోనే.

శతకాల పరిస్థితి కొంత మెరుగు. మకుటం పద్యం ముగింపును చూపుతుంది కాబట్టి, సీస్ప్లిట్‌కు ఆ మాటను నమూనాగా ఇచ్చి, అది కనిపించిన పంక్తి తరువాత కోయమనవచ్చు. కాని వేమన పద్యాలన్నిటికీ పూర్తి మకుటం లేదు. కొన్ని ‘వేమా’ అన్న పిలుపుతోనే ముగుస్తాయి. ఇంకొక ఇబ్బంది పేర్లది. స్ప్లిట్ ఫైలు పేరు చివర రెండు ఆంగ్ల అక్షరాలు చేరుస్తుంది. అలా 26 × 26 = 676 పేర్లే వస్తాయి. సి.పి. బ్రౌన్ 1829 సంపుటిలోని పద్యాలు 693. పద్యానికొక ఫైలు చేయబోతే పాత స్ప్లిట్ మధ్యలోనే ఆగిపోతుంది.

ఖాళీ పంక్తిని హద్దుగా తీసుకునే పద్ధతి కూడా ఉంది. ఆక్‌లో రికార్డు విభాజకాన్ని శూన్యంగా ఉంచితే ఖాళీ పంక్తుల మధ్య ఉన్నదంతా ఒక ఖండం అవుతుంది. అయితే విండోస్‌లో తయారైన ఫైలులో ప్రతి పంక్తి చివరా కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. దానివల్ల ఖాళీగా కనిపించే పంక్తి నిజానికి ఖాళీ కాదు. ముందుగా ఆ గుర్తును తీసివేయాలి.

కాబట్టి పల్నాటి వీరచరిత్రను ఘట్టాలుగా విడదీయడమే మేలు. బాలచంద్రుడి బొంగరాలాట, తల్లి ఐతాంబ దగ్గర మాట, మాంచాల దగ్గర సెలవు, కారెంపూడి యుద్ధం: వీటి హద్దులు పంక్తుల సంఖ్యలో లేవు, కథలో ఉన్నాయి. పాఠం చదివి, ఘట్టం మొదలయ్యే చోట ఒక గుర్తు పంక్తిని మీరే చేర్చండి. ఆ తరువాత సీస్ప్లిట్‌ను ఆ గుర్తు దగ్గర కోయమనండి. ఫైలు సంఖ్యలకు మూడు అంకెలు కేటాయిస్తే వరుస చెడదు.

చివరగా ముక్కలను క్యాట్‌తో కలిపి, గుర్తులు పెట్టిన మూలంతో సీఎంపీ ద్వారా పోల్చండి. అది మౌనంగా ఉంటే అక్షరం కూడా పోలేదని అర్థం. అయితే కోత సరైన చోట పడిందో లేదో అది చెప్పలేదు. అది పాఠకుడి తీర్పు. పదాల లెక్క, ప్రతుల పోలిక, శైలి పరిశీలన అన్నీ ఆ తీర్పు మీదే నిలుస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మంజరీ ద్విపదలో ఒక పాదం లోపించిందని కనిపెట్టడానికి పంక్తుల లెక్క ఎందుకు చాలదు? మీ పరిష్కారం సూచించండి.