పులుపు ఎప్పుడెయ్యాలె

సద్దుల బతుకమ్మ తెల్లారి మా పెద్దమ్మ ఇంట్లో రెండు మిగులుతాయి. ఒకటి, వాకిట్లో రాలిన తంగేడు పూరేకులు. రెండోది, వంటింటి గూట్లో సీసా అడుగున నిలిచిన పులిహోర పులుసు. చిక్కగా, నల్లెరుపుగా, పైన వేలెడు నూనె తేలి ఉంటుంది. పూరేకులను పొద్దున్నే చీపురుతో ఊడ్చేస్తుంది. పులుసు సీసాను మాత్రం ఎవరినీ ముట్టనివ్వదు. తెల్లవారితే దసరా. దసరా అంటే తెలంగాణ పల్లెలో యాట కూర.

పెద్దమ్మది చింతమడక. సిద్దిపేట రూరల్ మండలంలో, పేరులోనే చింత ఉన్న ఊరు. మాజీ ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖర రావు సొంతూరుగా ఆ పేరు అందరికీ తెలిసింది. మెదక్ నుంచి విడిపోయి సిద్దిపేట కొత్త జిల్లా అయింది కూడా దసరా నాడే, 2016 అక్టోబరు 11న. ఈ నేల మొదటి నుంచీ గొర్రెల నేల. ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకాన్ని 2017 జూన్ 20న ఈ జిల్లాలోని కొండపాకలోనే మొదలుపెట్టింది. 2019 పశుగణనలో తెలంగాణ కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మాంసం వండే తీరు గురించి ఇక్కడి ఆడవాళ్లకు తెలిసినంత పుస్తకాలకు తెలియదని నేను నమ్ముతాను.

దసరా పొద్దున నలుగురైదుగురు కలిసి ఒక యాటను కోసి పోగులు పెట్టుకుంటారు. ప్రతి పోగులోనూ నల్లిబొక్క, పక్కబొక్క, మెత్తటి కూర, కాస్త కార్జం సమంగా పడాలి. పెద్దమ్మ తన పోగును కడిగి, ఉప్పు, పసుపు, అల్లం ఎల్లిపాయ ముద్ద పట్టించి పక్కన పెడుతుంది. ఉల్లిగడ్డ నూనెలో ఎర్రబడ్డాక కూర వేసి, మూత పెట్టకుండా కలుపుతూ ఉంటుంది. కూర తనంతట తాను నీళ్లు విడుస్తుంది. ఆ ఊట నీళ్లన్నీ ఇగిరి, నూనె తేలి, ముక్క గిన్నెకు తగిలి చిటపటమనేదాకా ఆమె కారం డబ్బా ముట్టదు. ఆ తర్వాతే కారం, ధనియాల పొడి, రెండు గ్లాసుల నీళ్లు, కుక్కర్ మూత. అయిదారు కూతలు వచ్చాక మంట ఆర్పేసి, ఆవిరి దానంతట అది దిగేదాకా ఆగుతుంది. మూత తీశాక సీసా బయటికి వస్తుంది. రెండు గంటెల పులిహోర పులుసు కూరలో పడుతుంది. చిన్న మంట మీద పది నిమిషాలు. అంతే.

చిన్నప్పుడు ఒకసారి నేను తొందరపడి పులుసును ముందే కుక్కర్లో పోశాను. ఆ రోజు కూర ఉడికినట్టే ఉంది, నమిలితే మాత్రం ముక్క పొడిపొడిగా, పీచుగా తగిలింది. అడుగున పులుసులోని బెల్లం మాడిన వాసన. పెద్దమ్మ కోప్పడలేదు. "బిడ్డా, ముందుగాల ముక్క మెత్తబడాలె. ఆనక పులుపు. పప్పుల చింతపండు ఎప్పుడేస్తవు?" అని మాత్రం అడిగింది. నాకు అప్పుడే తెలిసింది. కందిపప్పు ఉడకకముందు చింతపండు వేస్తే ఎంతసేపైనా బద్ద బద్దగానే ఉంటుందని తెలుగింట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. అదే తెలివిని ఆమె మాంసానికి వాడుతోంది.

పప్పుకూ మాంసానికీ లోపల జరిగేది ఒకటి కాదు. పప్పు బద్దను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో గట్టిపడి కరగనంటుంది. మాంసంలో వ్యవహారం నీళ్లది. కోసిన మాంసానికి సహజంగానే కొంచెం పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ సుమారు 5.5. ఇంకాస్త పులుపు తగిలి అది 5 దగ్గరికి దిగితే కండలోని మాంసకృత్తులు నీటిని పట్టుకునే శక్తిని చాలావరకు పోగొట్టుకుంటాయి. ఇంకా ఎక్కువ పులుపులో చాలాసేపు నానితే మళ్లీ ఉబ్బి మెత్తబడతాయి, అందుకే పుల్ల పెరుగులో రాత్రంతా నానబెట్టిన ముక్క బాగుంటుంది. కుక్కర్లో కూర మీద పోసే గంటెడు పులుసు ఈ రెంటికీ మధ్యన పడి, ముక్కను ఎండబెడుతుంది. కండల మధ్య ఉండే తెల్లటి బంధాల పదార్థం కొల్లాజెన్. వేడిలో, తడిలో, నిదానంగా అది జిగురుగా కరుగుతుంది. నల్లిబొక్క కూర చల్లారితే గడ్డకట్టేది ఆ జిగురే. అది కరిగేదాకా ఓపిక పట్టి, కరిగాక పులుపు పోస్తే జిగురు, పులుపు, కారం కలిసి ముక్క చుట్టూ పట్టుకుంటాయి.

కుక్కర్ ఈ పనిని తొందరగా చేస్తుంది. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆగిపోతాయి. కూత వేసే కుక్కర్లో చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున ఒత్తిడి పెరిగి వేడి 120 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఎముకలను మెత్తబరిచే యంత్రమని చెప్పి 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు దీన్ని మొదట తయారు చేశాడు. అంటే పుట్టుకతోనే ఇది బొక్కల కోసం పుట్టిన గిన్నె. మన దేశంలో హాకిన్స్ కంపెనీ 1959లో మొదలైంది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో కట్టెల పొయ్యి మీద ఒక పూటంతా పట్టే కూర గంటలోపు పనైపోయింది.

అయితే కుక్కర్‌కు పలుచటి నీళ్లు కావాలి, వాటి నుంచే ఆవిరి పుడుతుంది. చిక్కటి పులుసు, అందులోనూ బెల్లం పడింది, అడుగుకు అంటుకుని మాడుతుంది. అల్యూమినియం కుక్కర్‌తో ఇంకో చిక్కు: పులుపు ఆ లోహాన్ని కొరుకుతుంది, కూరకు లోహపు రుచి ఎక్కుతుంది. వెనకటి వాళ్లు ఇత్తడి గంజులకు కళాయి పూత వేయించుకున్నదీ, పులుసును మట్టి కుండలో కాచిందీ ఇందుకే.

పులుపు ఒక్కటే కాదు, కాలాన్ని బట్టి మారుతుంది. ఉగాది దాటాక చింతచెట్టు లేత ఎరుపులో చిగురు వేస్తుంది. ఆ చిగురును అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరేసి, ఉడికిన మాంసంలో చివర్లో వేస్తారు. చింతచిగురు మాంసం తెలంగాణ వంటల్లో నాకు అన్నిటికంటే పైది. చింతపండు పులుపు నాలుకను కోస్తుంది, చిగురు పులుపు మాత్రం పలుచగా, పచ్చి వాసనతో వస్తుంది. పది నిమిషాలు దాటి ఉడికిస్తే ఆ వాసన పోతుంది, నల్లబడుతుంది. సీజన్‌లో ఎండబెట్టి దాచుకున్న చిగురైతే ఇంకొంచెం ముందు వేయవచ్చు. వానాకాలంలో పుంటికూర. దాన్ని నూనెలో విడిగా మగ్గబెట్టి, ముద్ద చేసి, కూరలో కలపాలి. బోటి కూరకు చింతపండు పులుసే సరైన జోడి, దాని వాసనను అదొక్కటే అణచగలదు. ఎండాకాలం మొదట్లో పచ్చి మామిడి. ఏ పులుపైనా మాంసం మెత్తబడ్డాకే కూరలోకి దిగుతుంది, వేళ మాత్రం దానిదానికి వేరు.

ఇక మిగిలిన పులుసు సంగతి. సద్దుల బతుకమ్మ నాడు పెరుగు, చింతపండు, నువ్వులు, కొబ్బరి, ఇట్లా ఒక్కోదాంతో ఒక్కో అన్నం కలిపి సద్దులు కడతారు. సద్ది అంటే తర్వాతి పూట కోసం కట్టిపెట్టుకున్న తిండి. పొలానికి మోసుకుపోయేది సద్ది, రాత్రి మిగిలి పొద్దున తినేది సద్దన్నం. ఎంగిలి పూలతో మొదలై సద్దులతో ముగిసే పండుగ ఇది. దాచిన తిండికి పండుగలో పీట వేసిన నేల మీద పులుసును పారబోయడం ఎవరికీ తోచదు. పులుపు, ఉప్పు, నూనె, ఆవాలు, మెంతులు ఉన్న ఆ పులుసు వారం దాకా చెడదు కూడా. పైగా అప్పటికే ఒకసారి కాగి, పోపు వాసన పట్టి ఉంటుంది కాబట్టి కూరలో పడగానే పని మొదలుపెడుతుంది. అప్పటికప్పుడు నానబెట్టి పిసికిన చింతపండు రసానికి ఆ లోతు రాదు.

ఈ తెలివి చింతమడక దాటి ఎంత దూరం పోయిందో నాకు ఒక నవంబరులో తెలిసింది. మా చెల్లె అమెరికాలో ఉంటుంది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. ఆ రోజు టర్కీ కోడి పక్కన క్రాన్‌బెర్రీ సాసు తప్పనిసరి. ఎర్రటి గోళీకాయల్లాంటి ఆ పండు ఉత్తర అమెరికా సొంతం. మసాచుసెట్స్, విస్కాన్సిన్ చిత్తడి నేలల్లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, అంటే మన బతుకమ్మ దసరాల వేళకే, కోతకు వస్తుంది. వట్టిగా తింటే పళ్లు పులిసిపోతాయి. అక్కడి తెలుగువాళ్లు ఎప్పుడో దాన్ని మనదాన్ని చేసుకున్నారు. క్రాన్‌బెర్రీ పప్పు, క్రాన్‌బెర్రీ పచ్చడి, క్రాన్‌బెర్రీ పులిహోర ఆ ఇళ్లలో మామూలు మాటలు. సాసు మాత్రం చక్కెర సరుకు. 340 గ్రాముల పండ్లకు ఒక కప్పు చక్కెర, ఒక కప్పు నీళ్లు పోసి ఉడికిస్తే, పండులోని పెక్టిన్ వల్ల చల్లారాక జామ్‌లా బిగుసుకుంటుంది. పండుగ అయ్యాక ప్రతి ఇంట్లో గిన్నెడు మిగులుతుంది.

చెల్లె ఆ గిన్నెను వీడియో కాల్‌లో చూపించింది. పక్కన పంది జబ్బ మాంసం, కిలోన్నర ముక్క. అక్కడ దాన్ని పూటలకు పూటలు పొగ మీద కాల్చి, వేళ్లతో విడదీస్తే నూలుపోగుల్లా వచ్చేదాకా మగ్గబెడతారు. తన దగ్గర ఉన్నది కరెంటు కుక్కర్.

"పెద్దమ్మా, ఈ సాసు, ఈ కూర రెండూ కలిపి కుక్కర్ల పెట్టమంటున్నరు. పెట్టాల్నా?"

పెద్దమ్మ క్రాన్‌బెర్రీని ఎన్నడూ చూడలేదు. "పుల్లగుంటదా? తియ్యగుంటదా?"

"రెండూ."

"గట్లైతే ఇప్పుడే వద్దు బిడ్డా. అడుగంటుతది. ఉత్త నీళ్లతోని ఉడకబెట్టు, మూత తీసినంక పొయ్యి."

తర్వాత చెల్లె చేసిన తీరును నేనూ చేసి చూశాను, రెండుసార్లు. జబ్బ మాంసాన్ని పిడికెడు పిడికెడు ముక్కలుగా కోయాలి. మనం మటన్ కోసినట్టు చిన్న ముక్కలైతే పోగులు రావు, పోగు పొడవు కావాలంటే ముక్క పెద్దగా ఉండాలి. ఉప్పు, కారం, జీలకర్ర, మిరియాల పొడి, అల్లం ఎల్లిపాయ ముద్ద పట్టించి, నూనెలో నాలుగు వైపులా ఎర్రగా కాల్చాలి. అడుగున అంటినదాన్ని కప్పు నీళ్లతో గీకి కలపాలి, లేకపోతే కరెంటు కుక్కర్ మాడుతోందని మధ్యలోనే ఆగిపోతుంది. ఒత్తిడి ఎక్కాక 60 నిమిషాలు. మన కూత కుక్కరైతే రెండు గ్లాసుల నీళ్లతో, మొదటి కూత తర్వాత చిన్న మంట మీద 45 నుంచి 50 నిమిషాలు. ఆవిరిని చేత్తో వదలకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే లోపలి నీళ్లు భగ్గున మరిగి ముక్కలోని రసాన్ని బయటికి లాగేస్తాయి. పావుగంట ఆగితే అదే దిగుతుంది.

ముక్కలను బయటికి తీసి రెండు చెంచాలతో విడదీస్తే పోగులు వాటంతట అవే ఊడివస్తాయి. గిన్నెలో మిగిలిన నీళ్ల మీద కొవ్వును తీసేసి, సగానికి ఇగరబెట్టి, అప్పుడు ఒక కప్పు క్రాన్‌బెర్రీ సాసు కలపాలి. నా తీర్పు చెబుతాను: ఆ సాసులో తీపి ఎక్కువ. రెండు చెంచాల చిక్కటి చింతపండు రసం, ఇంకాస్త ఎండుకారం పడితేనే అది మన కూర అవుతుంది. అయిదు నిమిషాలు కుతకుతమన్నాక పోగులను అందులో వేసి కలిపితే, ప్రతి పోగుకూ ఎర్రటి పులుసు పట్టుకుంటుంది. అక్కడ దాన్ని బన్నులో పెట్టుకుని తింటారు. జొన్న రొట్టెతో ఇంకా బాగుంటుంది.

పంది మాంసానికి పులుపు జోడించడం మన చుట్టుపక్కల కొత్తేమీ కాదు. కొడగు వాళ్ల పంది కూరలో కాచంపులి అనే నల్లటి పండు పులుసును చివర్లో పోస్తారు. గోవా విందాలూలో వెనిగర్‌ను ముందే పట్టిస్తారు. మాంసం నిలవ ఉండాలన్న పోర్చుగీసు ఓడల అవసరం నుంచి వచ్చిన పద్ధతి అది. పంది మాంసం తినని ఇళ్లలో ఇదే వరసను మేక జబ్బతో చేయవచ్చు, సమయం కొంచెం తగ్గించుకుంటే చాలు. ఏ మాంసమైనా వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

పోయిన దసరాకు చింతమడక వెళ్లాను. జమ్మి పెట్టి వచ్చి కూర్చునేసరికి పెద్దమ్మ కూర వడ్డించింది, బగారా అన్నంతో. గూట్లో సీసా ఖాళీగా ఉంది, కడిగి బోర్లించి ఉంది. ఈసారి మీ ఇంట్లో పులిహోర పులుసు మిగిలితే పారబోయకండి. కూర ఉడికి, ఆవిరి దిగి, మూత తీశాక రెండు గంటెలు పోయండి.