ఊపిరి మాట వినని నీళ్లు

ఈ వారం మా మేనల్లుడు మిన్నెసోటా నుంచి ఫొటో పెట్టాడు. గడ్డకట్టిన చెరువు నడుమ నిలబడి, చేతులు చాచి నవ్వుతున్నాడు. ఫ్యామిలీ గ్రూపంతా మురిసిపోయింది. నా కడుపులో మాత్రం దేవినట్టయింది. 2022 డిసెంబరు 26న ఆరిజోనాలోని వుడ్స్ కాన్యన్ చెరువు మీద మంచు పలక విరిగి మనవాళ్లు ముగ్గురు పోయారు. వాళ్లలో ఒకామెను త్వరగానే బయటికి తీసినా బతకలేదు. మగవాళ్లిద్దరూ మర్నాటికి గానీ దొరకలేదు. వాళ్లుండే ఫీనిక్స్ వైపు ఎడారి. మంచు చూడాలంటే కొండెక్కాల్సిందే.

హైదరాబాద్ కర్మన్‌ఘాట్‌లో మా కాలనీ నిండా పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులే. సరూర్‌నగర్ చెరువు గట్టు దాకా వెళ్లొద్దని పెంచాం. గట్టిపడ్డ నీళ్ల గురించి ఏమీ చెప్పలేదు, మనకే తెలియదు గనక.

పిల్లలకు ఈత నేర్పమనడం నా పాత పాటే. నాకు మా తాత మోట బావిలో నేర్పాడు. నడుముకు మునగ బెండ్లు కట్టి, గట్టు మీద నిలబెట్టి, "ముందు ఊపిరి పట్టు బిడ్డా, తర్వాత దుంకు" అనేవాడు. ఊపిరి నిలిచిందని ఆయనకు నమ్మకం కుదిరాకే ఒక్కో బెండూ తీసేసేవాడు. చేతులాడించడం చివర్లో వచ్చింది. బావి గోడల నాచు వాసన, పైన గుండ్రంగా ఆకాశం, తాత కేక ఇప్పటికీ నాతోనే ఉన్నాయి.

కానీ మంచు కింది నీళ్లలో ఆ పాఠం చెల్లదు. పడగానే ఒళ్లు తనంతట తానే ఎగశ్వాస తీస్తుంది. అప్పుడు నోరు నీళ్లలో ఉంటే అంతే. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చన్నీళ్లు ఒంటిని ఏం చేస్తాయో పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క ఇది: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. ఆ పది నిమిషాల్లో, నడిచొచ్చిన వైపుకే తిరగాలి. అటు మంచు మనల్ని మోసిందే కదా. మోచేతులు పైన ఆనించి, ఈతలోలాగే కాళ్లు తన్నుతూ బోర్లా పైకి జారాలి. లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం వెళ్లాలి. తాత నేర్పినదాంట్లో కాళ్ల తన్ను ఒక్కటే అక్కడ అక్కరకొస్తుంది.

మేనల్లుడికి ఫోన్ చేశాను. "మామా, ఇక్కడ చెరువు మీద కార్లే నడుపుతరు" అన్నాడు. నిజమే, నడుపుతారు, మందం కొలిచాక. మనిషి నడవాలంటే పారదర్శకమైన గట్టి మంచు కనీసం 4 అంగుళాలుండాలి. తెల్లటి మంచు బలం అందులో సగమే. వాగు వచ్చి కలిసేచోట ఇంకా పలచన. "నువ్వు నిలబడ్డచోట ఎన్ని అంగుళాలు?" అనడిగాను. తెలియదన్నాడు.

వెళ్లొద్దని ఒట్టు పెట్టించుకుందామనే ఫోన్ తీశాను. చివరికి వెళ్లమనే చెప్పాను: చేపలకోసం బర్మాతో మంచు తొలిచే స్థానికులతో కలిసి, పడితే మంచులో గుచ్చి పైకి పాకడానికి మెడలో ఐస్ పిక్కులు వేసుకుని, అడుగడుక్కీ మందం అడుగుతూ.