కొలువులో పట్టిసం

భోగి మంట ఆరీ ఆరకముందే గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్ల ముందుగది మ్యూజియం అయిపోతుంది. కనుమ దాటాక, మహా అయితే ముక్కనుమ దాటాక, అక్కడికి మళ్లీ కుర్చీలూ టీపాయీ వచ్చేస్తాయి. ఆ మధ్య రోజుల్లో ఉండేదే బొమ్మల కొలువు. తమిళులూ మైసూరువాళ్లూ దసరా నవరాత్రుల్లో పెడతారు. మనవైపూ దసరాకి పెట్టే ఇళ్లున్నాయి గానీ, కోస్తాలో చాలా కుటుంబాలకు కొలువంటే సంక్రాంతే.

కొలువు అనగానే కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కపిడతలు గుర్తొస్తాయి. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడి కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికే కొండపల్లివారి పనితనం గురించీ, అంకుడు కర్రను తిప్పుతూ లక్క అద్దే ఏటికొప్పాకవారి నేర్పు గురించీ చాలామంది రాశారు. రాయాల్సిందే. అయితే కొలువులో ఆ బొమ్మల పక్కనే ఉండే చిల్లర సామాను సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, విరిగిన గాజులు, పగిలిన అద్దం, ఆవాలు, రంపపు పొట్టు. బొమ్మ కొంటే వస్తుంది. ఈ సామానుతో ఒక ఊరినీ ఒక ఏటినీ కట్టాలంటే మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. కొలువులోని అసలు కళ అక్కడే ఉందని నా నమ్మకం.

మెట్లు మూడో అయిదో ఏడో, బేసి సంఖ్యలో కడతారు. ట్రంకుపెట్టెలు, బల్లచెక్కలు, పాత పుస్తకాల కట్టలు, ఎత్తు కుదిరితే ఏదైనా పనికొస్తుంది. మీద పరిచేది గంజి పెట్టిన తెల్ల పంచె అయితే మేలు. జరీ చీర పరిస్తే కంటికి ముందు చీరే ఆనుతుంది, బొమ్మ వెనక్కి పోతుంది. ప్రతి మెట్టు అంచు దగ్గరా గుడ్డను వేళ్లతో నొక్కి మడత దిద్ది, మిగిలినదాన్ని చెక్క కిందికి దోపాలి. పై మెట్టు మీద దేవుళ్లు, దాని కింద పురాణ కథలు, ఇంకా కింద పెళ్లి ఊరేగింపులు, చెట్టిగారి కొట్టు, కూరల బుట్టలు. పొడుగు బొమ్మలు వెనక్కీ పొట్టివి ముందుకీ జరపడంలోనే సగం రోజు గడిచిపోతుంది.

మెట్ల ముందు నేల మీద తీర్చేదే పిల్లల లోకం. పార్కులు, రైల్వే స్టేషన్లు, జంతుప్రదర్శనశాలలు చాలాచోట్ల కనిపిస్తాయి. గోదావరి ఒడ్డు పిల్లలకు ఎదురుగా అంత నది ఉండగా వేరే పార్కెందుకు? పట్టిసీమనే, అదే మన పట్టిసాన్నే, తీసుకోండి. నది నడుమ దేవకూట పర్వతం, దాని మీద వీరభద్రస్వామి గుడి, అక్కడే భావనారాయణస్వామి. రేవు నుంచి పడవెక్కి వెళ్లాలి. ఇంత చక్కగా పళ్లెంలో ఇమిడే క్షేత్రం మరొకటి దొరకదు.

ముందు కొండ. వెడల్పాటి రేకు పళ్లెంలో ఇటుక ముక్కలు పేర్చి, సందుల్లో నలిపిన పాత పేపరు కూరి, పైన తడిమట్టి మెత్తాలి. ఈ పని భోగికి వారం ముందే మొదలవ్వాలి, ఎందుకంటే కొండ మీద పచ్చదనం నిజంగా మొలవాలి. ఆవాలు, రాత్రంతా నానబెట్టిన మెంతులు, చోళ్లు వేర్వేరు చోట్ల చల్లి, మొలక పగిలేదాకా తడిగుడ్డ కప్పి ఉంచుతారు. తర్వాత నీళ్లు చిలకరించాలే తప్ప పోయకూడదు. పోస్తే గింజలు జారి కొండ అడుగున పోగుపడి కుళ్లుతాయి. అన్నీ కుదిరితే భోగినాటికి ఒకవైపు సన్నని గడ్డి, ఇంకోవైపు గుబురు పొదలు. గది మూలన ఉంచిన పళ్లెంలో మొలకలన్నీ కిటికీవైపే వంగుతాయి, కాబట్టి రోజూ కాస్త తిప్పుతుండాలి.

నదికి అద్దం పెడతారు. అద్దం అంచు కనబడితే అది అద్దమే, కనబడకపోతేనే నీరు. అందుకే ఇసుక జల్లించి, బరక ఇసుకను ఒడ్డుకు వాడి, మెత్తటిదాన్ని అద్దం మీదికి పలచగా జారవిడిచి ఇసుక తిప్పలు తీరుస్తారు. వేసవిలో పట్టిసం దగ్గర తేలే తిప్పలు చూసినవాళ్లు ఆ వంపు చూసి గుర్తుపడతారు. అగ్గిపెట్టె లాంచీ అవుతుంది, పాపికొండల వైపు ముక్కు తిప్పి పెడితే చాలు. అగ్గిపుల్లలను సగానికి విరిచి తలలు పైకి ఉండేట్టు తిప్పల మీద గుచ్చితే శివరాత్రి తిరునాళ్ల జనం. ఇక్కడే పిల్లలకు కొలతలు తెలుస్తాయి. గుడి గుమ్మంలోంచి అగ్గిపుల్ల మనిషి దూరగలడా? దూరలేకపోతే గుడి మళ్లీ కట్టాలి.

రాజమండ్రి పిల్లలు వంతెనలు కడతారు. ప్లాస్టిక్ గాజులను సగానికి కోసి వరసగా నిలబెడితే ఆర్చి వంతెన. అసలుదానికి 28 కమాన్లు, కొలువులో ఆరేడు చాలు. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన హేవలాక్ వంతెనకు చీపురు పుల్లలు సరిపోతాయి.

రంగులు వంటింట్లోనే ఉన్నాయి. బియ్యప్పిండి తెలుపు, పసుపు పసుపే, అందులో సున్నం కలిపితే పారాణి ఎరుపు, బొగ్గుపొడి నలుపు, ఎండుటాకులు నలిపితే ఒక రకం మట్టిపచ్చ. దారులకు రంపపు పొట్టును రంగునీళ్లలో నానబెట్టి, పిండి, నీడన ఆరబెడతారు. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది.

సాయంత్రం పేరంటాళ్లు వస్తారు, హారతి పాడతారు, శనగలూ తాంబూలమూ పుచ్చుకుంటారు. పళ్లెం పక్కన నిలబడిన పిల్ల, వచ్చిన ప్రతి అత్తయ్యకీ పిన్నిగారికీ ఏది రేవో ఏది గుడో చూపిస్తుంది. "ఈ పడవ ఎందుకు ఆగిపోయిందే?" అని అడిగితే అక్కడికక్కడే ఒక కథ అల్లుతుంది. ఇలా చూపించి చెప్పే మనిషి ప్రతి బొమ్మ పక్కనా ఉండే ప్రదర్శనశాలలు ఎన్ని ఉన్నాయి?

జపాన్‌లో మార్చి 3న హినామత్సురి చేస్తారు. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద రాజూ రాణీ, పరిచారికలూ, వాద్యగాళ్లూ కొలువుదీరతారు. పండుగ దాటాక బొమ్మలను తియ్యకపోతే ఆడపిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని అక్కడ ఒక నమ్మకం. మనవాళ్లు చివరి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగిస్తారు. రెండుచోట్లా తీసెయ్యడం పండుగలో భాగమే. ఆ ఏటి అమరిక ఆ ఏటితో సరి. వచ్చే ఏడు అవే బొమ్మలు, ఒకటో రెండో కొత్తవి చేర్చి, వేరే చోట్ల పెట్టాలి. అందుకే ఇది పాతబడదు. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటకు పొలాల మీదుగా, కాలువలో దిగి మోసుకెళ్లే ప్రభలదీ ఇదే తీరు. వెదురూ రంగుగుడ్డా కలిసి ఆ తీర్థంలో ఏకాదశ రుద్రులవుతాయి.

ఇప్పుడు బజారులో పార్కు సెట్టు, పల్లెటూరి సెట్టు, అన్నీ థర్మోకోల్‌తో కట్టి అమ్ముతున్నారు. పనికి పోయి ఇంటికొచ్చే తల్లులకు తీరిక ఎక్కడిదన్నది న్యాయమైన మాటే. కానీ ఆ సెట్టులో గుమ్మం ఎత్తు ఎవరూ కొలవరు, మొలకకు ఎవరూ నీళ్లు చిలకరించరు. ఏ ఊళ్లో కొన్నా ఒకటే పల్లెటూరు, అందులో పట్టిసం ఉండదు. మెట్ల మీద ఏది కొని పెట్టినా సరే, నేల మీది ఆ ఒక్క పళ్లెం పిల్లల చేతికి వదిలేస్తే చాలు.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1897లో పుట్టి 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన ఆ చిత్రకారుడు గోదావరి తీరాన్ని బొమ్మల్లో నిలిపాడు. సంక్రాంతికి అలాంటి చోట ఒక గది ఖాళీ చేసి, చుట్టుపక్కల బడిపిల్లలకు ఇచ్చి చూడాలి. తలా ఒక రేకు పళ్లెం, ఎవరి రేవు వాళ్లు కట్టడం. కొన్న సెట్లు తేకూడదన్నది ఒక్కటే షరతు. కనుమ సాయంత్రానికి గది ఊడ్చి తాళం ఇచ్చేస్తారు.