పలక మీద తడి

దెయ్యం సినిమా అనగానే తెల్లచీర, గజ్జెల చప్పుడు, కిర్రుమనే తలుపు గుర్తొచ్చే మనకు, పట్టపగలు కొలను అవతల రెల్లు మధ్య కదలకుండా నిలబడ్డ నల్లబట్టల ఆడమనిషి ఎంత భయపెట్టగలదో చెప్పి ఒప్పించడం కష్టం. ఈ రచయిత్రి ఒప్పించింది. అందుకే ఈ నాలుగు మాటలు రాయమనగానే సంతోషంగా ఒప్పుకున్నాను.

1961లో జాక్ క్లేటన్ తీసిన ‘ది ఇన్నోసెంట్స్’, 1963లో రాబర్ట్ వైజ్ తీసిన ‘ది హాంటింగ్’. పుస్తకమంతా ఈ రెండు నలుపు తెలుపు చిత్రాల గురించే. మొదటిదానికి హెన్రీ జేమ్స్ 1898 నాటి నవలిక ఆధారం, రెండోదానికి షిర్లీ జాక్సన్ 1959 నవల. కథానాయిక చూసింది నిజంగా ఉందా, ఆమె మనసు కల్పించుకుందా? జేమ్స్ నవలిక విషయంలో 1934లో ఎడ్మండ్ విల్సన్ అదంతా ఆమె భ్రమేనని వాదించినప్పటి నుంచీ ఈ గొడవ తెగలేదు. తీర్పు చెప్పేయాలన్న ఉబలాటం మన రచయిత్రికి లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

‘ది ఇన్నోసెంట్స్’లో బడిగది సన్నివేశం చూడండి. అనాథ పిల్లలిద్దరికి పాఠాలు చెప్పడానికి వచ్చిన మిస్ గిడెన్స్‌కు, చనిపోయిన పాత టీచరమ్మ బల్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ కనబడుతుంది. దగ్గరికి వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. పలక మీద మాత్రం ఒక కన్నీటి చుక్క. వేలితో తాకితే తడి. పిచ్చి అనుకుందామంటే ఆ తడి అడ్డం. దెయ్యమే అనుకుందామంటే దాన్ని ఆమె తప్ప మరొకరు చూడలేదు. ఆ ఒక్క చుక్క మీద ఇక్కడ అధ్యాయమంతా నడిచింది. ఎక్కడా సాగదీసినట్టు లేదు.

పనితనం గురించీ శ్రద్ధగా రాసింది. ‘ది ఇన్నోసెంట్స్’ను సినిమాస్కోప్‌లోనే తియ్యాలని నిర్మాణ సంస్థ పట్టుబట్టింది. అంత వెడల్పు తెరలో భయం దాక్కోవడానికి చోటేది? ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఫిల్టర్ల అంచులకు రంగు పూసి, తెరకు రెండు పక్కలా చీకటి కమ్మించాడు. మన కన్ను ఆ అంచుల్లో వెతుక్కుంటూనే ఉంటుంది.

‘ది హాంటింగ్’లో దెయ్యం తెరమీదికి రానే రాదు. చీకట్లో తన చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నది అదే గదిలో పడుకున్న థియో అనుకుంటుంది కథానాయిక ఎలినోర్. వెలుతురు వచ్చాక చూస్తే థియో ఎక్కడో దూరంగా ఉంటుంది. ఆ పట్టులో ఎలినోర్‌కు భయంతో పాటు కాస్త ఊరట కూడా ఉందని ఈ పుస్తకం అంటుంది. నిజమే! మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి చాకిరీ చేసిన మనిషి ఆమె. ఇన్నాళ్లకు ఆమెను కావాలనుకున్నది ఆ దెయ్యాల ఇల్లొక్కటే. ఈ మాట చదివి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఒక్క లోటు. చూపించకుండా భయపెట్టే ఈ విద్య వైజ్‌కు 1940లలో నిర్మాత వాల్ లూటన్ దగ్గర అబ్బింది. దర్శకుడిగా ఆయన పేరు మొదట పడింది లూటన్ నిర్మించిన 1944 నాటి చిత్రానికే. ఆ సంగతి ఇక్కడ ఒక్క పేరాతో సరిపెట్టింది. మలి ముద్రణలో పెంచమని పెద్దరికం కొద్దీ అడుగుతున్నాను.

పాఠకులకో మనవి. పుస్తకం మొదలుపెట్టే ముందు ‘ది ఇన్నోసెంట్స్’ ఒకసారి చూడండి, ఫోను పక్కన పెట్టి, దీపాలార్పి. మొదట తెరంతా నల్లగా ఉండి, చిన్నపిల్ల గొంతులో పాట మాత్రం వినబడుతుంది. బొమ్మ రాలేదని ముందుకు జరపకండి.