ఇసుక కింది వాగు

ఎండలు ముదిరి వాగులో తెల్లగా ఇసుక తేలినప్పుడు, పట్నం నుంచి సెలవులకొచ్చిన చుట్టాల పిల్లలు "మీ వాగు ఎండిపోయింది" అనేవాళ్లు. మాకు రోషం వచ్చేది. పైన పారడం ఆగినా కింద నీళ్లు నడుస్తూనే ఉంటాయని మా ఊళ్లో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. పొద్దున్నే లేచి ఆ పిల్ల తాగిన నీళ్లు ఆ ఇసుకలోంచి తోడినవే మరి. ఈ వారం ఆ తోడే పని గురించి రాయాలనిపించింది. చెలిమె తీయడం ఒక విద్య. దానికి బడి లేదు, రాసిపెట్టిన పుస్తకం లేదు. మా ప్రాంతంలో ఆ విద్య తెలిసినవాళ్లంతా ఇప్పుడు ముసలివాళ్లు.

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఊళ్లకు ఉత్తరాన మూసీ, దక్షిణాన ఈసీ. మ్యాపుల్లో నదులని రాస్తారు గానీ మాకు రెండూ వాగులే. మూసీ అనంతగిరి గుట్టల్లో పుట్టి, శంకర్‌పల్లి మీదుగా వచ్చి గండిపేట చెరువులో, అంటే ఉస్మాన్‌సాగర్‌లో పడుతుంది. ఈసీ పోయి హిమాయత్‌సాగర్‌లో పడుతుంది. ఆ కట్టలు దాటాక లంగర్‌హౌస్‌లో బాపూఘాట్ దగ్గర రెండూ కలుస్తాయి. 1948లో గాంధీజీ అస్థికల్లో కొన్ని కలిపింది ఆ సంగమంలోనే. అక్కడి నుంచి పట్నం మురుగంతా మోసుకుంటూ పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. నయాపూల్ మీద జనం ముక్కు మూసుకుని దాటే నీళ్లకూ, మేం దోసిట పట్టి తాగిన నీళ్లకూ మధ్య దూరం యాభై కిలోమీటర్లు కూడా ఉండదు.

మా ఊరు ఈసీ ఒడ్డున. ఆ వాగుకు పని లేని రోజు ఉండేది కాదు. ఒడ్డు వెంట బావులు, బావుల మీద మోటలు, తర్వాత ఆయిల్ ఇంజన్లు. సాయంత్రం కాగానే పాలకూర, కొత్తిమీర కట్టలు పారే నీళ్లలో ముంచి తీసి, తడి గోనె కప్పి బండ్లకెత్తేవారు. రాత్రంతా బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద నుంచి నడిచి ఆ బండ్లు తెల్లారేసరికి పట్నం మార్కెట్ చేరేవి. కొంచెం దిగువన చాకలిరేవు. బట్టల్ని చవుడు మన్ను నీళ్లలో తడిపి, బానలో ఉబ్బకు పెట్టి, మర్నాడు బండ మీద ఉతికేవాళ్లు. ఉబ్బ దించినప్పుడు లేచే ఆవిరికి ఒక వాసన ఉండేది, సగం మట్టిది, సగం గంజిది. మూటలు దించిన గాడిదలు మధ్యాహ్నం దాకా వాగులోనే నిలబడి ఉండేవి. ముదిరాజ్ పెద్దమనుషులు మడుగుల్లో వలలు వేసేవాళ్లు. వల తీశాక మిగిలిన పరకలు, రాళ్ల కింది ఎండ్రికాయలు పిల్లలవి. సద్దుల నాడు బతుకమ్మలు సాగనంపేది ఆ నీళ్లలోనే. పంట, బట్ట, కూర, పండుగ అన్నీ ఒకే వాగు మీద నడిచేవి కాబట్టి, ఎవరి పని ఎవరికి ఎగువన ఉండాలి, ఎవరిది దిగువన అనే లెక్క ఊళ్లో పక్కాగా ఉండేది.

సంక్రాంతి దాటాక పైనీరు సన్నబడేది. శివరాత్రికి మడుగులే మిగిలేవి. అప్పుడు మొదలయ్యేది మా అవ్వ పని.

చెలిమె ఎక్కడ పడితే అక్కడ తీస్తే ఊరదు. అవ్వ తెల్లవారుజామున, ఎండ తగలకముందే చెప్పులు లేకుండా ఇసుకలో నడిచేది. రాత్రి చలికి ఇసుకంతా చల్లగానే ఉంటుంది గానీ, కింద నీరు దగ్గరగా ఉన్నచోట ఆ చలి వేరుగా, అరికాలికి అంటుకున్నట్టు తగులుతుందట. వాగు మలుపు తిరిగేచోట లోపలి ఒడ్డు వైపు ముతక ఇసుక పడుతుంది. ఆ చోటు మంచిది. సన్న ఇసుకలో ఒండ్రు కలిసి ఉంటుంది, నీరు ఆలస్యంగా ఊరుతుంది, ఊరినా మన్ను వాసన వేస్తుంది. వాగుకు అడ్డంగా బండ పరుచుకున్న చోట, ఆ బండకు ఎగువన ఇసుకలో నీరు ఆగి ఉంటుంది. అది ఇంకా మంచి చోటు. తుంగ పచ్చగా ఉంటే నీరు దగ్గరే, కానీ వేళ్ల మధ్య తవ్వకూడదు. ఇవన్నీ ఆమె ఎవరికీ పాఠంలా చెప్పలేదు. వెంట తిరిగితే ఆగిన చోటల్లా ఒక్కో మాట అనేది, అంతే.

చోటు దొరికాక మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే తవ్వేది. పార వాడితే కింది పొరలు కలిసిపోయి నీరు తేటపడదని ఆమె నమ్మకం. గోడ నిటారుగా తీస్తే కూలుతుంది. అందుకని పైన వెడల్పుగా మొదలుపెట్టి, వాలు ఉంచుకుంటూ కిందికి పోవాలి. తీసిన ఇసుకను దిగువ వైపు పోసేది, ఎగువ నుంచి వచ్చే ఊటకు బరువు పడకుండా. మూరెడు లోతులో ఇసుక రంగు మారుతుంది. ఇంకో జానెడు పోతే వేళ్ల మధ్య నుంచి తడి. ఆ తర్వాత నీరు కనబడుతుంది, మొదట కలకగా. దాన్ని చిప్పతో తోడి దూరంగా పారబోయాలి. మళ్లీ ఊరుతుంది, మళ్లీ పారబోయాలి. పిల్లలకు ఓపిక ఉండేది కాదు, బిందె ముంచబోయేవాళ్లం.

"తొందర వడకు బిడ్డా, ఊరనియ్యి."

నాలుగోసారికి అడుగు కనబడేంత తేట. వంగి చూస్తే, నీరు చొచ్చుకొచ్చే చోట ఇసుక రేణువులు ఆగకుండా సన్నగా ఎగురుతుంటాయి. చుట్టూ నీరు కదలదు, అక్కడొక్కటే కదులుతుంది. ఆ చోటికి చిప్ప తగలనిచ్చేది కాదు అవ్వ. పక్క నుంచి, పైపైన, కొబ్బరి చిప్ప నిండా నిండనట్టుగా తీసి, బిందె మూతికి కట్టిన బట్ట మీద పోసేది. బిందె నిండేంతలో చెలిమె ఖాళీ అయ్యేది. మళ్లీ కూర్చోవాలి. ఆ కూర్చున్న సేపట్లో ఊళ్లో పెళ్లిళ్లు కుదిరేవి, తగాదాలు తీరేవి, కోడళ్ల కష్టాలు బయటపడేవి. మగవాళ్లు రాని చోటు అది. నీళ్లు తీసుకున్నాక కుక్కలు, బర్రెలు ముట్టకుండా కంప కప్పి, మీద ఒక రాయి పెట్టి వచ్చేవాళ్లు. ఎవరి చెలిమె వాళ్లది, కానీ ఎవరి బిందైనా సగంలో ఆగితే పక్క చెలిమె వాళ్లు ముంచుకోనిచ్చేవాళ్లు. రోహిణి కార్తెకు నడుము లోతు దాకా దిగాల్సి వచ్చేది. అప్పుడు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. వాలు చాలకపోతే ఇసుక మీద పడుతుంది, పడితే ఊపిరి ఆడదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా పోతే ఆ రోజులకు ద్రోహం చేసినట్టే. ఇసుక అందరికీ ఒకే నీళ్లు ఇచ్చింది, ఊరు ఇవ్వలేదు. మాదిగవాడ ఆడవాళ్లు చెలిమెలు తీసుకునేది రేవుకు దిగువన. ఎగువన వాళ్లు కాలు పెట్టకూడదు. నడి ఎండాకాలంలో, ఎగువన మేం తోడగా మిగిలిన ఊటే వాళ్లకు అందేది, అదీ చవుడు కలిసిన ఊట. మా చెలిమె దగ్గర ముంచుకోనిచ్చే ఆ ఇచ్చిపుచ్చుకోవడం వాళ్ల దాకా ఎప్పుడూ పోలేదు. ఎందుకని అడిగితే అవ్వ "ఎప్పటి సంది అట్లనే" అంది. అంత తెలిసిన మనిషి దగ్గర ఆ ప్రశ్నకు అంతకుమించి జవాబు లేదు. ఊళ్లోకి చేతిపంపు వచ్చిన ఏడు, దాని దగ్గరా వరస కోసం గొడవ జరిగింది. కానీ ఈసారి వాళ్లు వెనక్కి తగ్గలేదు. వాగు గురించి నాకున్న మంచి జ్ఞాపకాలన్నిటి పక్కనే ఇది కూడా ఉంది, ఉండాలి.

ఇసుక ఇంత పని ఎలా చేస్తుందో పెద్దయ్యాక చదువుకున్నాను. ముతక ఇసుకలో దాదాపు మూడో వంతు ఖాళీ జాగా ఉంటుంది. వరద పోయాక ఆ ఖాళీల నిండా నీళ్లు నిలుస్తాయి. రెండు మూడు అడుగుల కిందికి ఎండ దెబ్బ దాదాపు తగలదు కాబట్టి చెరువు ఆవిరైపోయే కాలంలో కూడా ఇసుకలో నీరు నిలబడుతుంది. పైగా వడగట్టుకుని వస్తుంది. తూర్పు ఆఫ్రికాలో కెన్యా దేశంలో కిటుయి, మచాకోస్ వైపు ఈ సంగతినే ఆధారం చేసుకుని ఎండు వాగులకు అడ్డంగా గోడలు కడతారు. నీళ్లు ఆపడం కంటే ముందు ఇసుకను ఆపడం ఆ గోడల పని. నాలుగు వరదలకు గోడ వెనక ఇసుక నిండుతుంది, ఆ ఇసుకలో నీరు నిండుతుంది. అక్కడి ఆడవాళ్లూ మా అవ్వలాగే గుంత తీసి చిప్పతో తోడుకుంటారు. మన దగ్గర పెన్నా లోయలో ఊట కాలువలు తవ్వి పొలాలకు పారించినవాళ్లు, ఆదిలాబాద్ గూడేల్లో నిన్నమొన్నటి దాకా చెలిమె నీళ్లే తాగినవాళ్లు ఈ విద్యలో మాకు చుట్టాలు.

పట్నం కూడా ఒకప్పుడు ఈ దారినే నడిచింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో హైదరాబాద్ వేల మందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య చూసింది పట్నాన్ని ఒక్కదాన్నే కాదు, ఎగువన మా వైపు వాగుల్ని, చెరువుల్ని కూడా. పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని లెక్క తేల్చి, పట్నానికి పైన రెండు వాగుల మీదా జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు పంపు అవసరం లేకుండా వాలుకే నడిచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి, అక్కడ ఇసుక పొరల గుండా దిగి తేటపడి ఇళ్లకు పోయేవి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని ఊరికే అనలేదు. ఆ నీళ్లు జలాశయం చేరకముందే మూసీ ఇసుకలో ఒకసారి వడపోత పడి ఉండేవి.

ఇళ్లు కట్టుకోవడానికి మా వాళ్లూ ఇసుక తీసుకున్నారు. ఒక ఇంటికి నాలుగైదు ఎడ్లబండ్లు. వచ్చే వరద దాన్ని పూడ్చేది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చాయి. ఆ చుట్టుపక్కల లేచిన కట్టడాలకు ఇసుక కావాలి, దగ్గరలో ఉన్నవి మా వాగులు. రాత్రిపూట ట్రాక్టర్లు, తర్వాత లారీలు. నీళ్లను, నేలను, చెట్లను కాపాడటానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. చిన్న వాగుల్లో ఇసుక స్థానిక అవసరాలకు తప్ప తీయకూడదని నిబంధనలు వచ్చాయి. రాత్రి లారీలు ఆగలేదు. వాగులో ఇసుక తరిగాక ఒడ్డు పొలాల మన్ను తవ్వి, తొట్లలో నీళ్లు కొట్టి కడిగి, అడుగున మిగిలిన రేణువుల్ని ఫిల్టర్ ఇసుకని అమ్మారు. ఆ కడిగిన బురద వచ్చి వాగు అడుగున పేరుకుంది. ఇప్పుడు మేం గుజ్జనగూళ్లు కట్టుకున్న చోట నల్లటి బండ, దాని మీద ఎండి పెచ్చులు లేచిన ఒండ్రు. వరద వస్తే గంటల్లో పోతుంది. వాగు అడుగు దిగిపోవడంతో ఒడ్డు బావుల్లో ఉన్న నీరు వాగులోకి జారింది. ముందు ఎండినవి ఆ బావులే. తర్వాత అందరూ బోర్లు వేశారు.

ఇంటింటికీ నల్లా వచ్చింది. మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి, ఇరవై లీటర్ల క్యానులు వస్తున్నాయి. మా అమ్మ తరం మెడ నరాలు పట్టేసేలా మోసిన బిందెల బరువు తిరిగి ఏ ఆడపిల్ల నెత్తి మీదా పడకూడదు. చెలిమె నీళ్లు తాగే రోజులు మళ్లీ రావాలని నేను కోరను. వాగు అడుగున ఇసుక మళ్లీ ఉండాలని కోరతాను. బావి నిండడానికి, వరద నెమ్మదించడానికి, హిమాయత్‌సాగర్‌కు ఎండాకాలంలో కూడా కాస్త ఊట అందడానికి అది కావాలి.

1996 మార్చి 8న వచ్చిన 111 జీవో రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కాలనీలను ఆపింది. 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. ఇన్నేళ్లుగా ఆ జీవో ఉండాలా పోవాలా అన్న వాదన మా ఊళ్లలో ప్రతి టీకొట్టు దగ్గరా జరిగింది. ఎకరం రేటు గురించి విన్నాను, ఫాంహౌస్ గోడల గురించి విన్నాను, ఊళ్ల అభివృద్ధి గురించి విన్నాను. భూమి అమ్ముకోలేక పిల్లల చదువులకు అప్పు చేసిన చిన్న రైతు బాధ నిజమైనదే, దాన్ని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. అయితే వాగు అడుగు గురించి ఆ వాదనల్లో నేనెక్కడా వినలేదు. జలాశయం ఒడ్డు నుంచి కొలత పెట్టుకుని, ఆ జలాశయంలోకి నీళ్లు తెచ్చే వాగులో ఏం మిగిలిందో చూడకపోతే ఆ పది కిలోమీటర్లు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

బండలు అడ్డం ఉన్న కొన్ని మలుపుల్లో ఇప్పటికీ కాస్త ఇసుక నిలిచింది. ముందు వాటిని గుర్తించి, అక్కడికి ట్రాక్టరు దిగకుండా ఒడ్డున కందకం తీయించాలి. ఆ పని పంచాయతీ చేతిలో ఉంది. ఇక మీదట కట్టే చెక్‌డ్యాములు నీళ్లతోపాటు ఇసుకను పట్టేలా, కెన్యాలో చేసినట్టు మెట్టు మెట్టుగా ఎత్తు పెంచుకుంటూ కట్టవచ్చేమో ఇంజనీర్లు చూడాలి. మూసీ, ఈసీల మీద ఈసారి ఏ కమిటీ కూర్చున్నా వాగు అడుగున ఎక్కడ ఎన్ని అడుగుల ఇసుక ఉందో కొలిపించాలి. ఆ కొలిచేవాళ్లకు దారి చూపడానికి, డెబ్బై దాటిన ఆడవాళ్లు రేవుకు ఎగువనా దిగువనా రెండు వాడల్లోనూ ఇంకా ఉన్నారు. వాళ్లను ఈ ఎండాకాలమే పిలవాలి.